తిరిగొచ్చిన పెన్నులు

గ్రిమ్స్‌బీ నుంచి పార్సిల్ వచ్చింది.
విప్పితే మేం పంపిన పెన్నులే, పదకొండు,
ఒక్కదానికీ మూత తియ్యలేదు.
రెండు క్యాలెండర్లు. నవ్వే పిల్ల బుగ్గ మీద
టీ కప్పు దించిన గుండ్రటి మరక.

"నేనిచ్చింది పది పౌండ్లు, నీళ్ల కోసం.
నలభయ్యేళ్లు చేపలు కోశాను, తూకం తెలుసు.
అందులో ఎంత నా గుమ్మానికే తిరిగొచ్చిందో
మీరే కూడుకోండి"
అని రాసింది విన్నిఫ్రెడ్ ఓల్డ్‌రాయిడ్.

కూడాను.
అచ్చు, తపాలా, పెన్ను,
ఈ కుర్చీ, కుర్చీలో నేను.
మిగిలింది చెప్పడానికి నోరు రాలేదు.

అయినా అమ్మా,
జీతాల పద్దులో పదిహేడో వరుస చూడు:
ఎంఫాట్సో కలోంగా, మలావీ.
సైకిలుకి రెంచీలు కట్టుకుని
మూలపడ్డ పంపు ఎక్కడుంటే అక్కడికి పోతాడు.
అతణ్ణీ మేం "నిర్వహణ ఖర్చు" అనే రాస్తాం.
రబ్బరు వాషర్లు కావాలని అడిగి మూడు నెలలు.
ఆ కాగితం
క్యాలెండరు నమూనాల కింద దొరికింది.

ఇదంతా ఆమె పెన్నుతోనే రాశాను.
కవరు మీద స్టాంపు తడుపుతుంటే
నాలుక మీద తట్టింది,
ఇదీ ఆమె డబ్బే.

అంటించాను.