బురద విలువ

అమలాపురం గడియారస్తంభం పక్క సందులో
స్కానింగ్ సెంటర్ మేడ మీద
నాకో కుర్చీ, ఓ కంప్యూటరు,
కరెంటు పోతే కుయ్యోమనే బ్యాటరీ.

కింద మిషన్లో గుత్తుల వీరవేణి కుడికాలు.
మెట్టెలు రానన్నాయి. ఇరవై రెండేళ్ల మెట్టెలు.
సబ్బునురగతో నర్సు పావుగంట బతిమాలితే
ఒకటి జారింది, రెండోది కట్టరుకి లొంగింది.
తెగిన వెండి తోటికోడలి గుప్పిట్లో పెట్టి
ఆవిడ సొరంగంలోకి వెళ్లింది.

నాకు అందినవి నూట నలభై ముక్కలు.
అరటిదూటని చక్రాలు కోసినట్టు
మోకాలు, బూడిదరంగు పలకలుగా.
ఇక్కడ లిగమెంటు నలుపు.
నలుపు పక్కన ఇంకో నలుపు.
ఏది ఎక్కడ ఆగుతుందో మౌసుతో గీస్తూ పోవాలి,
వేలు వణికితే ఆవిడకి లేని చిరుగు పుడుతుంది.

తర్వాత మెష్ అల్లాలి.
మెష్ అంటే మా ఇంట్లో వల.
భైరవపాలెం గట్టున మా తాత
కన్ను కన్నుకీ వేలు పెట్టి కొలిచేవాడు:
"బరువు పడేచోట కన్ను సన్నంగుండాలే."
కాలేజీలో నాకు చెప్పిందీ అదే,
కాకపోతే రెండు సెమిస్టర్లు పట్టింది.

నడిపించాను.
నడక కొలతలు ఎవరివో,
చల్లటి గదిలో రబ్బరుపట్టా మీద
ముందుకు నడిచిన బూట్ల మనుషులవి.
తెర మీద నీలం, ఆకుపచ్చ, ఓ మూల కాస్త పసుపు.
మూడు శాతం సాగుదల.
బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరికక్కూడా చాలని నీరు.

"ఏం లేదంటే ఎలాగండి," అంది వీరవేణి,
"ఊడుపులో మడమ లాగేటప్పుడు
లోపల తాడు పురి విడిపోతన్నట్టు ఉంటదండి."

లాగేటప్పుడు.
అప్పుడు తట్టింది,
ఈవిడ వెనక్కి నడిచి బతుకుతోంది.
నడుం వంచి, నారుకట్ట కోసం ఎడమకి తిరిగితే
కుడికాలు దమ్ముచేలో పిక్కలదాకా.
ఒళ్లంతా తిరుగుతుంది. పాదం తిరగదు.

సాఫ్ట్‌వేరులో పాదానికి రెండే గడులు:
స్థిరం. స్వేచ్ఛ.
బురద లేదు.

ఆషాఢం. ముమ్మిడివరం అవతల పంటకాలవ గట్టు.
కొక్కెం ఉన్న చేపల కాటా
తువ్వాలుతో ఆవిడ చీలమండకి కట్టి
నేను పైకి లాగుతుంటే వరస మొత్తం నవ్వింది.
"ఎంత తూగిందండీ మా వీరవేణి?"
"పండుగొప్పయితే రేటు పలికేది!"
తొమ్మిది కిలోలు. పక్కమడిలో పద్నాలుగు.
బోదె దగ్గర ఒండ్రులో ముల్లు ఇరవై దాటి
తుప్పు దగ్గర ఇరుక్కుంది.
ఏ అంకె వెయ్యను?
"ఎవరు పిలిస్తే ఆళ్ల చేనండి," అంది.

పద్నాలుగు వేశాను. వెనక్కి నడిపించాను,
రాత్రంతా, వెయ్యి అడుగులు.
తెల్లారేసరికి మోకాలి లోపలివైపు
గోరింటాకు చుక్కంత ఎరుపు.
పదకొండు శాతం.

తెరకి మొహం ఆనించి చూసింది.
"నాదేనా? బాగా ఒలిచేసినట్టుందే."
కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది.
"వెయ్యడుగులంటే
అయిదారు సెంట్లు ఊడ్చేసిందండి రాత్రి మీ మిషన్లో నా కాలు.
మరి కూలెవరిస్తారు?"

డాక్టరుగారికి పంపే కాగితంలో
'పాదం: స్థిరం' కొట్టేసి చేత్తో రాశాను,
బురద, పద్నాలుగు కిలోలు, ఒక్క మడిది మాత్రమే.

ఆవిడ అప్పటికే మెట్లు దిగుతోంది,
కమ్మీ పట్టుకుని, ఒక్కొక్కటీ,
మొహం నావైపే ఉంచి
వెనక్కి.