దుబాసీ

కబ్బన్‌పేట, పదమూడో అడ్డసందు.
బండి పట్టదు, నా బ్యాగూ నేనూ పట్టాం.
మేడమీద లేపాక్షయ్య గారి అట్టల షెడ్డు,
చీర అంచుకన్నా ముందు
అట్టకు బెజ్జాలు పడే చోటు.

మూడు రోజులుగా ఒక్క బెజ్జం పడలేదు.

"మా యశస్ ఆదివారం కొత్త విండోస్ ఎక్కించాడు తల్లీ,
బాగా ఉరుకుతోంది, మిషను తప్ప."

తెర మీద పసుపు త్రికోణం.
పక్కన రెండు మాటలు: తెలియని పరికరం.
పద్నాలుగేళ్లుగా రోజుకు ఎనిమిది వందల అట్టలు
దీని మాట విని కొట్టిన మిషను అది.
ఇంద్రాణి శుక్రవారం శుక్రవారం బొట్టు పెడుతుంది,
బొట్టు మీద నూనె, నూనె మీద దుమ్ము.
కంప్యూటర్ మాత్రం గుమ్మంలో నిలబెట్టి
నువ్వెవరివి అంటోంది.

కేబుల్ తీసి పెట్టాను. అందరూ చేసేదే.
రీస్టార్ట్ చేశాను. అదీ అందరూ చేసేదే.
తర్వాత ప్రాపర్టీస్‌లోకి దిగి
ఇంటిపేరూ గోత్రమూ అడిగాను.
కంపెనీకి నాలుగక్షరాలు, చిప్పుకి నాలుగక్షరాలు.
పాపం, అడిగితే చెప్తుంది.
నెట్ నుంచి దానంతటదే ఓ డ్రైవరు దిగింది,
మొన్నమొన్నటిది, ఇస్త్రీ మడత నలగనిది.
త్రికోణం కదల్లేదు.
పాత చిప్పులతో నేను మాట్లాడను, అంది.
ఇంత మర్యాదగా కాదు, కోడ్ పది అని.

"మిషను బాగుంది, కంప్యూటరు బాగుంది,
మధ్యలో దుబాసీ లేడు" అన్నాను.
లేపాక్షయ్య గారు తల ఊపారు.
ఇంట్లో తెలుగు, సందులో కన్నడం,
జరీ సేటుతో హిందీ, రంగులాయనతో అరవం.
బెంగళూరులో పుట్టినాయనకి
దుబాసీ అంటే వేరే చెప్పాలా?
"పాతాయన ఎక్కడున్నాడో వెతుకు మరి."

మిషనుతో వచ్చిన సీడీ ఏదీ?
బీరువా చూశారు, దేవుడి అర చూశారు.
ఇంద్రాణి కిటికీ చూపించింది.
పావురాలు రాకుండా దారం కట్టి వేలాడదీసిన
గుండ్రటి మెరుపు, అదే.
తొమ్మిదేళ్ల ఎండ తాగి
వెనకంతా తేనెరంగు తిరిగింది.
డ్రైవ్‌లో పెడితే గురకపెట్టి ఊరుకుంది.

ఎస్పీ రోడ్డు నడిచే దూరమే.
అమానుల్లా కొట్లో బిస్కెట్ డబ్బాలో ఓ హార్డ్ డిస్కు,
అందులో మూతబడ్డ కంపెనీల డ్రైవర్లు,
సంవత్సరాల వారీగా, ఎవరూ అడగని పేర్లతో.
"రెండువేల ఎనిమిదా, తొమ్మిదా?" అన్నాడు.
రెండూ ఇచ్చాడు. డబ్బులు పుచ్చుకోలేదు.
"చెడిపోయిన అట్ట ఒకటి తెచ్చిపెట్టు,
మా చిన్నది బెజ్జాల్లోంచి
గోడ మీదికి టార్చి కొడుతుంది."

తొమ్మిది కుదరలేదు.
ఎనిమిది పెట్టబోతే కంప్యూటర్ అడ్డుపడింది:
ఇది పాతది, నీ దగ్గర ఇంతకన్నా మంచిది ఉంది,
ఖాయమేనా?
ఖాయమే అన్నాను. మళ్లీ అడిగింది.
మళ్లీ అన్నాను.

త్రికోణం పోవడం నేను చూడలేదు.
ఇంద్రాణి వరస నంబరు కొట్టింది, నూట ముప్పై ఏడు.
వెనకనించి ఠక్కుమంది.
ఠక్. ఠక్‌ఠక్. కాస్త ఆగి, ఠక్.
ఆదివారం మెడ దాకా వచ్చి ఆగిన నెమలి
అక్కణ్నించే అందుకుంది.

యశస్‌కి అప్‌డేట్లు ఆపడం చూపించాను,
ఆపితే ఆగుతాయని కాదు.
డ్రైవరును మూడు చోట్ల దాచి
తెలుగులో పేరు పెట్టాను: దీన్ని ముట్టుకోవద్దు.

అట్ట చంకన పెట్టుకుని మెట్లు దిగుతుంటే
ఇంద్రాణి పైనుంచి కేకేసింది,
సీడీ ఇచ్చి వెళ్లమని.
పొద్దుటినించి రెండు పావురాలు
కొత్త అట్టల మీదే కూర్చున్నాయట.