ఐదు నొక్కండి

మెడలో వేసిన కార్డు మీద నా పేరు సగమే పట్టింది,
హేమ వరకే.
నళిని అంచు కింద ఎక్కడో మునిగిపోయింది.
మనామాలో, సీఫ్ వైపు,
సముద్రాన్ని పూడ్చి కట్టిన హోటల్ రెండో అంతస్తులో
గొంతులమ్ముకునే వాళ్లం నూటపది మందిమి
మొదటిసారి ముఖాలు వెంటబెట్టుకుని వచ్చాం.

కాఫీ వరసలో నా వెనక ఎవరో
చక్కెర వద్దన్నారు, ఇంగ్లీషులో.
మాట చివర గొంతు ఒక మెట్టు దిగి ఆగిన తీరు
నాకు తెలుసు.
తిరిగి, "నువ్వు మూడు కదూ?" అన్నాను.
"మలయాళం" అంది సుజ కురియన్. "నువ్వు ఐదు."
కార్మికుల సహాయ నంబరులో
తొమ్మిదేళ్లుగా ఇరుగుపొరుగు మేము.
ఒకరి వాక్యం అయ్యాకే ఒకరం,
ఏనాడూ ఎదురుపడకుండా.

మధ్యాహ్నానికి రెండూ నాలుగూ ఆరూ దొరికారు.
ఒకే బల్ల.
ఇంట్లో చెబితే నవ్వే సంగతులన్నీ అక్కడ చెప్పుకున్నాం:
నోరు చిటపటమనకుండా పుల్లటి ఆపిల్ కొరకడం,
జూన్‌లో ఏసీ ఆపి, బట్టల అల్మారాలో దుప్పట్ల మధ్య
చెమట కారుతూ ఐస్‌క్రీమ్ ప్రకటన చదవడం,
ముహర్రక్‌లో మా డాబా మీంచి విమానం దిగేదాకా
సగం వాక్యంతో నోరు తెరుచుకుని కూర్చోవడం.
లిఫ్టులో తన గొంతే తలుపులు మూసుకుంటున్నాయంటే
మారిసెల్ థాంక్యూ చెబుతుందట.
ఝర్నా మాత్రం,
"క్రేన్ కింద నిలబడొద్దని నేను చదివిన వారానికే" అని మొదలుపెట్టి
కలపక్కర్లేని టీ కలుపుతూ ఉండిపోయింది.

అంతకుముందు వేదిక మీద ఒకాయన
ఎవరిదీ కాని గొంతు ఒకటి వినిపించాడు.
తెలుగు కూడా ఉందన్నాడు.
తప్పు లేదు, ళ ళలాగే ఉంది.
ఊపిరెక్కడ తీసుకుందో వెతుక్కుంటున్నాను.
సుజ నా చెయ్యి పట్టుకుంది.
అప్పుడు తెలిసింది,
మేమిద్దరం ఊపిరి బిగబట్టి ఉన్నామని.

తన్వీర్ గోండల్‌కి చిలిపి బుద్ధి పుట్టింది.
"ఉర్దూకి రెండు" అని అందుకున్నాడు.
బల్ల చుట్టూ వరసగా మూడు, నాలుగు...
నేను పళ్లెం ముందు నిటారుగా కూర్చుని
"తెలుగు కొరకు ఐదు నొక్కండి" అన్నాను.

కప్పులు ఎత్తుతున్న చెయ్యి ఆగింది.
"అక్కా, గా ఐదు నువ్వేనా?"
లింబాద్రి. మెట్‌పల్లి దిక్కు.
"పోయినేడు మూడు నెలల జీతం ఆగితే కొట్టిన ఆ నంబరుకు.
దయచేసి వేచి ఉండండి అన్నవు.
ఉన్న. కార్డుల పైసలు అయ్యేదాంక."
"కోపం రాలేదా?" అన్నాను,
ఆ శుభ్రమైన గొంతుతోనే.
"వచ్చింది. గని పెట్టెయ్య బుద్ధి కాలె.
మన మాట జర ఇనబడ్తున్నది గద.
నువ్వు బెజవాడ దిక్కోళ్లు గావచ్చు అనుకున్న."

యాస తెలియకుండా చదివినందుకే
నాకు ఇన్నాళ్లూ దీనార్లు.
ప్రతి వాక్యాన్నీ కడిగి, ఆరేసి, ఇస్త్రీ చేసి పంపాను.
ఏమైందో,
"మాది కోరుట్లనే తమ్మీ, నీకు బస్సుకు అర్ధగంట" అన్న.
బల్లంతా నా వైపు తిరిగింది.
"ఇదెవరి గొంతు?" అన్నాడు తన్వీర్.
ఒక్క ముక్కా అర్థం కాకపోయినా
మార్పు మాత్రం అందరికీ వినిపించింది.
చెవులే కదా మా బతుకు.

"మల్ల జీతమొచ్చిందా?"
"రెండు నెలలది" అన్నడు లింబాద్రి.
కప్పులు ఒకదాని మీద ఒకటి, చప్పుడు కాకుండా పేర్చుకుని
వంటింటి తలుపును భుజంతో నెట్టుకుంటూ పోయిండు.

తర్వాతి ప్రసంగం
నమ్మకం కలిగించే గొంతు గురించి.
సుజ పక్కన కుర్చీ ఆపిపెట్టింది.
వెళ్లాను. కాసేపాగి.