ఏమో సంచి

రోల్లా సందులో మా లాండ్రీ.
నాది ఇస్త్రీ, ఆమెది కుట్టు.
పేరు ముకద్దస్, ఊరు తాష్కెంట్.
హిందీ మాట్లాడుతుంది,
చిన్నప్పుడు సినిమా హాల్లో నేర్చుకున్న హిందీ.
అందుకే గుండీ ఊడిందని చెప్పినా
ఎవరో ఎవరినో విడిచి వెళ్తున్నట్టు ఉంటుంది.

మొన్న వీసా కాగితాలకి
టైపింగ్ సెంటరు దాకా తోడెళ్లాను.
మలయాళీ కుర్రాడు మౌసు పైకీ కిందకీ తిప్పి తిప్పి
"ఆంటీ, మీరు పుట్టిన దేశం లిస్టులో లేదు" అన్నాడు.
"అవును బేటా," అంది నవ్వి,
"ఖాళీ సీసాలిచ్చి చిల్లర తెచ్చుకుందామని వెళ్లా.
వచ్చేసరికి లేదు."

మళ్లీ టోకెను పిలిచేదాకా చెబుతూనే ఉంది.
వాళ్లమ్మ కోటు జేబులో ఎప్పుడూ ఒక వల సంచి,
పిడికిట్లో ఇమిడేంత.
రష్యన్‌లో దాని పేరుకి అర్థం 'ఏమో'నట.
ఏమో, ఏదైనా దొరుకుతుందేమో.
వరస కనబడితే ముందు నిలబడాలి,
నిలబడ్డాక అడగాలి, ఏమిస్తున్నారని.
ఒకసారి రెండు గంటలు నిలబడితే గొడుగులు.
అది జూన్. తాష్కెంట్లో జూన్‌లో వాన పడదు.
అయినా రెండు కొందట.

ఐదేళ్లప్పుడు తెల్లారుజామున భూమి కదిలింది.
వేసవంతా వీధిలోనే గుడారాలు,
బడి లేదు, ఎంత సంతోషమో.
ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చారు ఇళ్లు కట్టేవాళ్లు.
అందులో ఒకడు రోజూ చక్కెర ముక్క ఇచ్చేవాడు,
రాత్రుళ్లు దీపం దగ్గర కూచుని లెక్కలు రాసుకునేవాడు.
"నువ్వు ఫోన్లో ఇంటికి లెక్క చెప్పేటప్పుడు
అచ్చం వాడిలాగే ఉంటావు" అంది.

నేనేం చెప్పను?
రాయచోటి పక్కన పల్లె మాది,
నాయన అప్పటికే కువైట్‌లో,
ఉత్తరానికి నెల పట్టేది.
సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, వాకిట్లో ఉండేవాణ్ణి.
నా దగ్గరా ఉండేదన్న మాట ఆ సంచి,
పేరే తెలీదు.

బయటికొస్తే ఆగస్టు, మధ్యాహ్నం రెండు.
తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనించినట్టు గాలి.
మసీదు గోడకి చల్లనీళ్ల కూలరు,
గొలుసుకి కట్టిన స్టీలు గ్లాసు.
ముకద్దస్ ఆగిపోయింది.

వాళ్ల వీధి మలుపులో సోడా మిషను ఉండేదట.
వచ్చేపోయే జనానికంతా ఒకటే గాజు గ్లాసు.
కోపెక్ వేస్తే ఉత్త సోడా,
మూడేస్తే ఎర్ర షర్బత్.
రాత్రి తాగుబోతులు ఎత్తుకెళ్లి
పొద్దున్నే తెచ్చి పెట్టేసేవాళ్లు.
"ఎవరికీ ఏ రోగమూ రాలేదు" అని
కాసేపాగి,
"వచ్చినా చెప్పేవాళ్లు కాదులే" అంది.

గ్లాసు అందుకుంది. బోర్లించింది.
కూలరు పళ్లెం మీద పెట్టి గట్టిగా అదిమింది.
అక్కడైతే కింది నుంచి నీళ్లు చిమ్మి గ్లాసుని కడిగేవట.

ఏమీ చిమ్మలేదు.
పళ్లెం కాస్త కిర్రుమంది, అంతే.

మా వెనక హెల్మెట్లతో ముగ్గురు డెలివరీ కుర్రాళ్లు
వరసలో చేరారు,
ఏమిస్తున్నారో అడక్కుండానే.
ఆమె చెయ్యి తీయలేదు.
నేనూ తొందరపెట్టలేదు.