రెప్పలేని కన్ను

రివెలిన్ వాగు పక్కన, సెలవు రోజు తెల్లారి,
మోచేతుల కింద సూపర్‌మార్కెట్ సంచీ పరుచుకుని
బురదలో బోర్లా పడుకున్నాను.
షెఫీల్డ్ ఇంకా లేవలేదు.
కుక్కతో వచ్చినాయన కాసేపు ఆగాడు,
పడిపోయిందేమో అనుకుని.

ఆకు అంచున
నువ్వుగింజంత ఆకుపచ్చ ఈగ.
పొడుగు కాళ్లు. కంసాలి ఇప్పుడే మెరుగు పెట్టి
ఆరబెట్టినట్టున్న వీపు.
పేరు తెలీదు. ఇలాంటివి వందల్లో ఉన్నాయట,
తేడా అంతా వెనక కాలి మీద ఒక్క వెంట్రుకలో.
ఇల్లలికిన ఈగ తన పేరు మరిచిందంటారు.
దీనికి ఎవరైనా పెట్టి ఉంటే కదా మరవడానికి!

ఊపిరి బిగబట్టి జరుగుతాను.
వేలెడు దూరం. ఇంకా తక్కువ.
నా గుండె కొట్టుకుంటే చాలు,
కంటి మీది ఫోకస్ జారి మీసాల మీద పడుతుంది,
అక్కణ్ణుంచి ఎక్కడిదీ కాని పచ్చదనంలోకి.
నొక్కాను. లేదు.
నొక్కాను. ఒక మోకాలు వచ్చింది.
నొక్కాను. ఆకు వచ్చింది, ఎంతో బాగా, ఈగ లేకుండా.

నిజానికి నా ఉద్యోగమూ ఇదే.
ఆసుపత్రిలో కంటి లోపలి ఫోటోలు తీస్తాను.
గడ్డం ఇక్కడ ఆనించండి, ఆ పచ్చ చుక్కనే చూడండి,
రెప్ప వేయకండి, అంతే, అయిపోయింది.
అయిపోదు. అందరూ వేస్తారు.
మొన్న మిసెస్ ఓల్డ్‌రాయిడ్,
ముప్ఫై ఏళ్లు కత్తులకు పిడులు బిగించిన మనిషి,
ఎనిమిదోసారీ రెప్ప వేసి
సారీ లవ్, అంది నా మణికట్టు పట్టుకుని.
లోపలేముందో నాకు కనబడుతుందని భయం.
కనబడింది.
చెప్పడం నా పని కాదు.

ఈగకు రెప్పల్లేవు.
ఉన్నట్టుండి ముందు కాళ్లు రెండూ ఎత్తి
కళ్లు తుడుచుకోవడం మొదలెట్టింది.
కుడి కన్ను. తల వాల్చి ఎడమ కన్ను.
మళ్లీ కుడి.
కళ్లజోడు పంచె అంచుతో తుడుచుకునే గుమాస్తాలా,
పనంతా రేపటికి వాయిదా వేసినట్టు.
నొక్కడం మరిచిపోయాను.

తర్వాతెప్పుడో నొక్కినట్టున్నాను.
ఇంటికెళ్లి చూస్తే వంద పైచిలుకులో
ఒక్కటి నిలిచింది:
ఎడమ కన్ను, ఎర్రటి ఆకుపచ్చటి గళ్లు,
మీద ఒకే ఒక్క పుప్పొడి రేణువు,
అంత తుడిచినా పోనిది.

సోమవారం ఆవిడ మళ్లీ వస్తుంది.
గదిలో దీపం ఆర్పి,
ముందు రెప్పలు వేసుకోండి, అంటాను,
మీకు తోచినన్ని సార్లు.
నాకు తొందర లేదు.