మూతెడు మందు

మొగిలి ఘాట్ మూడో మలుపులో
మా ఓమ్నీ పండ్లు కొరుకుతాది.
వెనక పదకొండు దాణా మూటలు,
ఖాళీ పాలక్యాన్లు,
ముందు సీట్లో నేనూ, పక్కన నా అప్పూ.
కాలు కొంచెం గట్టిగా ఆనిస్తే
కిటకిట, కిటకిట,
రేకు డబ్బాలో గోలీలేసి ఊపినట్టు.

నాకింగు అంటారంట దాన్ని.
తట్టేది ఎవరో నాకు తెలుసు.
తెలిసీ తలుపు తియ్యలా నెల్నాళ్ళు.

లీటరుకు పద్దెనిమిది మిగుల్తాదని
చెంగల్రాయుడి చిల్లరంగడి వెనక
నీలం డ్రమ్ములో గొట్టం పెట్టి
వాడు నోటితో పీల్చి, ఉమ్మేసి,
నా టాంకులోకి వదిలేవాడు.
సరిహద్దు దాటితే కూడా చవకే,
అయితే అది పన్ను తగ్గి చవక.
ఇది ఏం తగ్గి చవకో
నేను అడగలా, వాడు చెప్పలా.
మా ఇద్దరికీ మంచి స్నేహం.

పలమనేరు బస్టాండు టీ అంగట్లో
ఒక పిల్లోడు, మెళ్ళో టై, కాళ్ళకు దుమ్ము,
ఎర్రమూత సీసా బల్ల మీద పెట్టినాడు.
"టాంకుకు మూతెడు పొయ్యన్నా,
ఈ పెట్రోలు ఆ పెట్రోలు అయిపోతాది."
రెండొందల నలభై.
పాల చీటీ వెనక లెక్క రాసుకున్నా.
మందు పోను, టీ పోను,
ఇంకా మిగుల్తా ఉండాది.
లెక్కలన్నీ సదురు నేల మీద బాగానే పరిగెత్తుతాయి.

మొదటి రోజు శబ్దం తగ్గినట్టే ఉండె.
దుడ్లు పెట్టినోడి చెవి కదా,
తగ్గినట్టే వింటాది.

ఏడో రోజు, మలుపు ఇంకా రానేలా,
బండి ఒక్క దగ్గు దగ్గి నిలబడిపాయ.

బంగారుపాళెంలో అమీర్‌జాన్ షెడ్డు.
కార్బొరేటర్ గిన్నె విప్పి
టీ గ్లాసులోకి వంచినాడు.
వెలుతురుకు ఎత్తి చూపించినాడు:
అడుగున నీళ్ళు, పాదరసం మాదిరి
ఉండలు ఉండలుగా.
పైన వాసన మా అవ్వ లాంతరుది.

"మందును తిట్టొద్దు భాయ్.
మసి ఉంటే కడుగుతాది,
కిటకిట ఒక పిసరు తగ్గిస్తాది,
పెట్రోలు పెట్రోలైతే.
నీళ్ళకు మందేడిది?
కిరసనాయిలుకు మందేడిది?"

"సరే, రేపట్నించి ఆ ఖరీదుదే పోయిస్తా."

నవ్వినాడు. స్పానరు నా భుజానికి తాకించినాడు.
"పట్టుపంచె కట్టుకోని పేడెత్తతావా?
నీ ఇంజను ఎప్పుడైనా అడిగిందా దాన్ని?
మామూలుదే అడుగుతాది.
ఆ మామూలుది మామూలుగా ఉండాల, అంతే."

నేను గ్లాసునే చూస్తా ఉండా.

ఇట్లాంటి గ్లాసు ఇంకోటి ఉండాది.
మూడేండ్ల కిందట, పాలకేంద్రంలో.
దోవలో బోరింగు దగ్గర ఆగి
రెండు చెంబులు నీళ్ళు పోసినా క్యానులో.
రీడింగు పడిపోకుండా గుప్పెడు చక్కెర.
మిషను ఒప్పుకుంది.
అంకెలు పచ్చగా వెలిగినాయి.
మునిరత్నమ్మ ఒప్పుకోలా.
ఒక చుక్క నాలిక మీద వేసుకోని,
రిజిస్టరు మూసి,
అరవలా, ఎవర్నీ పిలవలా,
నాకు మాత్రమే వినపడేట్టు చెప్పింది:
"ఇవి పాలు కావప్పా.
పాల రీడింగు."

ఆ మాట అమీర్‌జానుకు చెప్పలా.
గ్లాసు కడిగి ఇచ్చినా.
కడిగినా వాసన పోలా.

ఇప్పుడు బంకులోనే పోయిస్తా,
మామూలుదే, సున్నా చూసుకోని.
చెంగల్రాయుడు అంగట్లోంచి చూసి
తల పక్కకు తిప్పుకుంటాడు,
అప్పు నేనే ఎగ్గొట్టినట్టు.

మూడో మలుపులో ఇంకా వినపడతాది, సన్నగా.
"అది పెట్రోలుది కాదు, అరిగినోటిది" అన్నాడు అమీర్‌జాన్.
దానికి ఎంత అవుతాదో అడిగినా.
చెప్పినాడు. ఊరకుండిపోయినా.

ఎర్రమూత సీసా డాష్‌బోర్డులోనే ఉండాది,
సగానికి.
మలుపు తిరిగినప్పుడల్లా
దొర్లి ఈ గోడకు ఒకసారి, ఆ గోడకు ఒకసారి కొట్టుకుంటాది.
పారేద్దామని రెండుసార్లు చేతికి తీసుకున్నా.
రెండొందల నలభై గదా.
మళ్ళా లోపలే పెట్టినా.