మూడు గడులు

బేస్తవారం బేస్తవారం
నకిరేకల్ బస్సు దిగి
ఐదు ట్యాబులు సంచిల ఏసుకొని పోత.
గేటుకాడ లింగస్వామి లెక్కవెడ్తడు,
లోపలికి ఐదు, బయటికి ఐదు.
చార్జరు తీగలు గూడ మూరవెట్టి చూస్తడు.
తీగెంత పొడుగుంటే అంత భయం ఆ ఇంట్ల.

హోమ్ అంటరు దాన్ని.
జాలి అంటే ఆడ కిటికీకి కొట్టిందే.
జాలికి అవతల బత్తాయి తోట,
తోటకు నీళ్లు వెట్టే మోటరు చప్పుడు.

మొదటినాడు పేరు కొట్టుడు నేర్పిన.
దేవరకొండ అవతలి తండా పిలగాడు
ఒక్క వేలుతోని, కోడి గింజలేరినట్టు,
ఒత్తు కోసం దేవులాడి, గుడి కోసం దేవులాడి
పావుగంటకు తన పేరు తనే నిలవెట్టిండు.
అద్దంల చూసుకున్నట్టు చూసిండు దాన్ని.

అప్పుడు చెప్పాల్సొచ్చింది నేను:
చట్టమున్నది కొడుకా,
నీ పేరు బయటికి పోవద్దు, చెరిపెయ్యి.
"కేసు కాయితంల రాసిన్రు గద సార్?"
జవాబు నా దగ్గర లేదు.
చెరిపే మీట మీద వేలు వెట్టి
ఒక్కొక్క అక్షరం తీసిండు,
కొట్టినంత నిదానంగ.

గందుకే అందరు వేరే పేర్లు వెట్టుకున్నరు.
ఒకడు డిండి. ఒకడు రైసుమిల్లు,
మిర్యాలగూడల నిజంగ సంచులు కుట్టినోడే.
బండి ఎత్తుకపోయిన కేసులోడు
"నా పేరు సెల్ఫ్‌స్టార్ట్" అన్నడు, నవ్వినం.
తండా పిలగాడు మూడు వారాలు ఏ పేరూ వెట్టుకోలే.
నాలుగోవారం "మూడో నంబరు" అన్నడు,
వానిది మూడో ట్యాబు.

మాట చెప్తే రాసుకునే మీట చూపెట్టిన.
"యాడికి వోయిన్నో ఎవలికెర్క" అన్నడు దాని మూతికాడ.
ఏడు కోడిపిల్లలు ఎవరికి కావలె, అని రాసిందది.
"గిదానికి మన మాట రాదు సార్.
ఆనాడు బోర్డు ముంగట గూడ గిట్లనే రాసుకున్నరు."

ఇగ వేలుతోనే.
అమ్మ, అని కొట్టిండు.
మీటల పైన మూడు గడులు వెలిగినయి:
అమ్మకానికి. అమ్మబడును. అమ్మవారు.
ఏ ఇంట్ల ఎవలేం అమ్ముకున్నరో
యంత్రానికేం తెలుస్తది?
వాడు మాత్రం కింది పెదవి కొరుక్కుంట
మొదటి గడిని శానసేపు చూసిండు.
దాన్ని ముట్టకుండనే కొట్టిండు:
రాలే.

అటెంక ప్రతి బేస్తవారం అంతే.
అమ్మ రాలే.
అమ్మ రాలే, బస్సు కిరాయి లేదంట.
అమ్మ వస్తనన్నది.
అమ్మ రాలే.
నడుమ నడుమ వేరే ముచ్చట్లు:
బోరుబండి మీద పని,
ఏడువందల ఫీట్ల కింద గూడ దుమ్మే,
సేటు పైసలియ్యంది,
ఒక రాత్రి...
ఆ రాత్రికాడ ఆగేటోడు.
నేను అడగలే.
చార్జింగు అయిపోయిందన్న, అయిపోకున్నా.

వానలు వడ్డంక బెయిలొచ్చింది.
ఎవలొచ్చి తీస్కపోయిన్రంటే
"మేనమామ గావొచ్చు, సంతకం వెట్టిండు"
అన్నడు లింగస్వామి, తీగ మూరవెట్టుకుంట.
వాడు రాసిందంత తుడిచేసిన, రూలు గనక.
కాయితం తుడిస్తే కలం మర్చిపోతదనుకున్న.

మొన్న ఆ ట్యాబు ముంగట కొత్త పిలగాడు కూసున్నడు.
హాలియా దిక్కోడు, ముక్కు మీద ఇంకా పచ్చి గాయం.
ఏదన్నా కొట్టు, అన్న.
అందరి లెక్కనే, అమ్మ.
మూడు గడులు వెలిగినయి:
రాలే. వస్తనన్నది. అమ్మకానికి.

పిలగాడు ట్యాబును వెనక్కి తిప్పి చూసిండు,
లోపల ఎవలన్న ఉన్నరేమోనని.
"సార్, నా సంగతి దీనికెట్ల ఎరుక?"

తోటల మోటరు బందయింది,
కరెంటు పోయినట్టుంది.
వాని వేలు నడిమి గడి దాక పోయి
ఆడనే ఆగింది.